అంబాజీపేట పొట్టిక్కలు

మన తెలుగునాట ఏ సీమ కా సీమకే ప్రాతఃకాలపు ఫలహార మొకటి పేరుపడి యున్నది. గోదావరి మండలములలో పెసరట్టును ఉప్మాయును జంట వీడి యుండవు. పాలకొల్లు, నరసాపురము ప్రాంతములందు మూకుటిలో ఎఱ్ఱగా కాలిన దిబ్బరొట్టెను చెఱకు పానకములో అద్దుకొని తినుట పెద్దలకును పిల్లలకును ప్రీతి. పల్లెటూళ్లలోని ముసలివారికి వేడి ఆవిరికుడుమును, అల్లపు పచ్చడియు నున్న జాలును. వీని యన్నింటిలో చూపునకును వాసనకును ప్రత్యేకమై, చేయువారి ఓపికకు పరీక్షయై యున్నది కోనసీమలోని పొట్టిక్క. పనసాకులు నాల్గింటిని బుట్టగా కుట్టి, అందు ఇడ్డెనపిండి పోసి, ఆవిరిమీద ఉడికించినదే పొట్టిక్క. దీనిని కొందఱు పనసాకు ఇడ్లీ యనియు పిలుతురు. అంబాజీపేట యన్నంతనే వర్తకులకు కొబ్బరికాయల సంత జ్ఞప్తికి వచ్చును. తిండి రుచి నెఱిగినవారికి పొట్టిక్క జ్ఞప్తికి వచ్చును.

దాని రుచిని వర్ణించుట మాత్రమే నా యుద్దేశము కాదు. చిన్న యంగడిలో పావుగంటలో తిని లేచెడి ఈ ఫలహారము వెనుక ఎవరి చేతులు ఎంతసేపు పని చేయుచున్నవో, ఆ పని యిండ్లనుండి యంగడి కేల తరలి వచ్చినదో, అది యచ్చటనైన నిలుచుటకు మనము చేయదగిన దేమో ముచ్చటించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

అంగడి

రాజమహేంద్రవరమునుండి దక్షిణముగా బయలుదేరి, జొన్నాడవద్ద గౌతమి వంతెన దాటి, రావులపాలెము చేరినచో కోనసీమలో అడుగుపెట్టినట్లే. ధవళేశ్వరమువద్ద గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠనుండి దిగువను వైనతేయ యను పాయ మఱల చీలును. ఈ పాయల నడుమ సముద్రము వఱకు వ్యాపించిన పచ్చని నేలయే కోనసీమ. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఇది అమలాపురము ముఖ్యపట్టణముగా వేఱు జిల్లా యైనది. త్రోవ పొడుగునను కాలువ గట్లు, వరిచేలు, కొబ్బరితోటలు. పెరళ్లలో అరటియు, మునగయు, పనసయు. పొట్టిక్కకు కావలసిన సరంజామా యంతయు కన్నులయెదుటనే యున్నది. బియ్యము ఆ చేలదే. వరి కోతకు రాగానే చేలలో చల్లెడి మినుములే పప్పు. పెరటి పనసచెట్టు ఆకు నిచ్చును. కొబ్బరాకు ఈనె పుల్ల యగును. ఆ చెట్టు కాయయే పచ్చడి యగును. ఈ సీమలో పుట్టిన వస్తువులతోనే ఆద్యంతము ముగిసెడి ఫలహార మిది.

పొట్టిక్కల యంగళ్లనగా మేడలు కావు. రోడ్డుప్రక్క రేకుల కప్పు, దాని క్రింద నాలుగైదు బల్లలు, ఒక మూల పొయ్యి, పొయ్యిమీద మూతపెట్టిన పెద్ద గిన్నె, ప్రక్కను పచ్చళ్ల పాత్రలు, ఇంతియే సంభారము. ప్రొద్దు పొడవకముందే అచ్చట సందడి మొదలగును. కొబ్బరికాయలు దింపువారు, ఒలుచువారు, పాలు పోసి మరలి వచ్చువారు, తొలి బస్సునకు పోవలసిన ఉద్యోగినులు, పిల్లలను బడికి పంపవలసిన తల్లులు, చేత డబ్బా పట్టుకొని వచ్చిన బాలురు ఒకరి వెనుక నొకరు వచ్చుచుందురు. “పిన్నిగారూ, రెండు పొట్టిక్కలండి, కారప్పొడిమీద నెయ్యి వెయ్యండి” అని యొకరు కేక వేయుదురు. “ఆయ్, కూర్చోండమ్మా, వాయ దించుతున్నానండి” అని పొయ్యి దగ్గఱనుండి జవాబు వచ్చును. గోదావరి వారి ‘అండి’ యను పిలుపు పిల్లవానికిని పెద్దవానికిని సమముగనే వడ్డింపబడును.

గిన్నె మూత తీయగానే మొదట వచ్చునది పిండి వాసన కాదు, ఆకు వాసన. పచ్చగా లోనికి పోయిన పనసాకు, ఆవిరికి గోధుమరంగు తిరిగి, తడియాకు వాసనను, కొంచెము తీపి వాసనను విడుచును. పళ్లెములో బుట్ట బుట్టగనే వచ్చును. పుల్లలు లాగి ఆకులు విడదీసినచో నాలుగు రేకులు విచ్చిన పూవులో తెల్లని ముద్ద కూర్చున్నట్లుండును. ఆకు ఈనెల యచ్చు ఆ ముద్దపై చక్కగా దిగి యుండును. పళ్లెపు గుంటలలో ఉడికిన యిడ్లీ పలుచనిది. త్వరగా చల్లారును, ఆరిపోవును. బుట్టలో ఉడికిన పొట్టిక్క లోతైనది; ఆకు తడిని బయటకు పోనీయదు కాబట్టి తినుట ముగియు వఱకు మెత్తగను వెచ్చగను ఉండును. పెద్ద పొట్టిక్కలు రెండు తిన్నచో మధ్యాహ్నము వఱకు ఆకలి మాట తలపునకు రాదు.

తోడుగా కొబ్బరి పచ్చడి, చింతపండును బెల్లమును వేసి నూఱిన అల్లపు పచ్చడి, కారప్పొడి, నేయి ఉండును. సాంబారును కొందఱు అడిగి పోయించుకొందురు. కాని పొట్టిక్క రుచి నిజముగా తెలియవలెనన్న మొదటి ముక్కను దేనిలోను ముంచక ఉత్తదిగనే నోటిలో వేసికొనవలెను.

బుట్ట కుట్టుట

చూచుటకు బుట్ట సులభముగ నున్నను, ఇందలి పని యంతయు బుట్టలోనే యున్నది. మొదట ఆకును ఎన్నుకొనవలెను. మఱీ లేతయాకు ఆవిరికి ముడుచుకొనిపోవును. మఱీ ముదురాకు వంచినచో విఱుగును. నడికారు ఆకు, అఱచేతి పొడుగుది, చిల్లు లేనిది కావలెను. తొడిమ త్రుంచినచో పనసకు సహజమైన పాలు కారును. ఆ పాలు తుడిచి, ఆకును కడిగి, తడిగుడ్డతో రెండువైపుల తుడువవలెను. తరువాత నాలుగాకులను కొనలు నడుమ ఒకదానిపై నొకటి వచ్చునట్లు నాలుగు దిక్కులకు పఱచి, ప్రక్కప్రక్క యాకుల యంచులను పైకెత్తి చేర్చి, కొబ్బరి యీనెపుల్లతో గ్రుచ్చుదురు. ఇట్లు నాలుగు మూలల గ్రుచ్చగా బుట్ట నిలుచును. గ్రుచ్చుట వదులైనచో పిండి కారిపోవును. బిగువైనచో ఆకు చినుగును. ఈ నేర్పు పుస్తకమువలన వచ్చునది కాదు. ప్రక్కన కూర్చుండి చూచి, పది బుట్టలు పాడుచేసిన పిమ్మట చేతికి వచ్చును.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూతము. బుట్ట యొకటికి ఆకులు నాలుగు, పుల్లలు నాలుగు. నూఱు బుట్టలకు నాలుగువందల యాకులును, నాలుగువందల పుల్లలును. చేయి తిరిగినవారు ఒక్కొక్క బుట్టను ఒక్క నిమిషములో ముగించిరని యనుకొన్నను, నూఱు బుట్టలకు గంటా నలువది నిమిషములు కుట్టుపనియే పట్టును. ఆకు కోసి తెచ్చుట, కడుగుట, పుల్లలు చీల్చుట వేఱు. పప్పు రుబ్బుట వేఱు. పొయ్యి రాజవేయుట వేఱు. తిన్న పిమ్మట బుట్ట చెత్తకుప్పకు పోవును. మఱునాడు మరల మొదటినుండి కుట్టవలెను. ఇనుపపళ్లెముల యిడ్లీపాత్రను ఒకమాఱు కొన్న పదియేండ్లు పనిచేయును. ఆకుబుట్ట ఒక్క పూటకే. ఆ ఒక్క పూట కొఱకు సాయంకాలమో, తెల్లవారుజాముననో కూర్చుండి కుట్టునది తఱచుగా ఆ యింటి ఇల్లాలే. లేదా ఇరుగుపొరుగు స్త్రీలే.

పాతయిడ్డెన, పడమటి చుట్టములు

ఇడ్డెన మిక్కిలి ప్రాచీనమైన వంటకము. క్రీ.శ. 920 ప్రాంతమున శివకోట్యాచార్యుడు కన్నడమున రచించిన వడ్డారాధనెలో ‘ఇడ్డలిగె’ యను పేరు కలదు. 12వ శతాబ్దమున చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో ‘ఇడ్డరిక’ కలదు. ఆనాటి యిడ్డెన మినపపిండితోడిదే. బియ్యము దానితో జతపడుట తరువాతి మాట. మన యావిరికుడుము రవ్వ లేని మినపపిండిని గిన్నెకు వాసెన కట్టిన గుడ్డమీద ఉడికించునది కాబట్టి, ఆ పాతయిడ్డెనకు దగ్గఱి చుట్టమని చెప్పవచ్చును.

గోదావరి మండలములలో బియ్యము సమృద్ధియగుట యన్ని కాలముల మాట కాదు. 1833 ప్రాంతపు కఱవు గోదావరి, కృష్ణా మండలములను వల్లకాడు చేసెను. ఆ పిమ్మట సర్ ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట మొదలిడి 1852లో ముగించెను. కాలువలు పారిన పిమ్మటనే ఈ నేల యన్నపురాశి యైనది. ఇడ్లీ రవ్వను గిద్దలతో కాక కుంచములతో కొలిచెడి భాగ్యము ఆ నీటివలన వచ్చినదే.

ఆకులో నుడికించుట ఒక్క కోనసీమ సొత్తని యనుకొనరాదు. పడమటి సముద్రతీరమున మంగళూరు, ఉడుపి ప్రాంతములలో పనసాకు బుట్టలలో నుడికించిన యిడ్డెనను కన్నడమున కొట్టె కడుబు అందురు. కొంకణి వారు ఖొట్టె అందురు. అచ్చటనే మొగలియాకును గొట్టముగా చుట్టి పిండి పోసి వండినదానిని మూడె యందురు. కృష్ణాష్టమికిని వినాయక చవితికిని వారి యిండ్ల నివి తప్పవు. తూర్పుతీరమున గోదావరి యొడ్డునను, పడమటి తీరమున నేత్రావతి యొడ్డునను ఉన్న యాడువారు ఒకరి నొకరు చూడకయే ఒకే యాకును, ఒకే రీతిని పుల్లతో గ్రుచ్చుచున్నారు. పనస పెరిగెడి పెరడును, ఆవిరి పొయ్యియు ఉన్నచోట బుద్ధి ఒకటే త్రోవను పట్టును కాబోలు.

అచ్చటికిని ఇచ్చటికిని ఒక భేదము కలదు. పడమటి తీరమున ఇది ముఖ్యముగా పండుగనాటి యింటి వంట. కోనసీమలో ఇది అంగడిలోని నిత్యపు ఫలహారమై నిలిచినది. ఈ భేదమును మనము చక్కగా గుర్తింపవలెను.

ఇంటినుండి అంగడికి

ఉమ్మడి కుటుంబములో అత్తగారు పప్పు కడుగగా, కోడలు రుబ్బగా, ఆడపడుచులు ఆకులు కుట్టగా, పది చేతుల పని ముచ్చట్లతో తెమలిపోయెడిది. కుటుంబములు చిన్నవైనవి. పెరటి స్థలములు ఇండ్ల స్థలములైనవి, పనసచెట్లు తగ్గినవి. ఇల్లాలు బడిలోనో, కచేరిలోనో, పొలములోనో పని చేసి వచ్చి, మఱునాటి వంటకు సమకూర్చుకొనవలసి వచ్చినది. ఇట్టి యింటిలో ఇద్దఱు చేతులతో ఇరువది బుట్టలు కుట్టుట సాధ్యము కాదు. అందుచేత పొట్టిక్క యిల్లు విడిచినది. దీనికి ఆడువారి సోమరితనము కారణమని యెవరైన అన్నచో, వారు ఒక్క వేకువను కూర్చుండి ఇరువది బుట్టలు కుట్టి చూతురుగాక.

ఇల్లు విడిచిన వంట నశింపవలసినదే. కాని అంగడి దానికి చోటిచ్చినది. ఇంటిలో ఎవరును విలువ కట్టని పనికి అంగడిలో, ఎంత కొంచెమైనను, వెల యేర్పడినది. ఆకు కోసి తెచ్చినవారికి, బుట్ట కుట్టినవారికి, రుబ్బినవారికి చేతికి నాలుగు రూకలు వచ్చుటవలననే ఆ నేర్పు నేటికిని బ్రదికి యున్నది.

ఇట్లు వీథి యంగడియే పాత వంటను కాపాడుట లోకమున వేఱొకచోటను జరిగినది. తూర్పున తైవాను ద్వీపమున ప్రాతఃకాలపు ఫలహారపు టంగళ్లు ప్రతి వీథిని ఉన్నవి. అచ్చటి వాడుక ఫలహారము వేడి సోయా చిక్కుడుపాలు, నూనెలో వేచిన పొడుగాటి పిండి కడ్డీలు, నువ్వులు చల్లి కాల్చిన రొట్టె. పాలలో చక్కెర వేసికొనువారు కొందఱు. ఉప్పును పులుసునీటిని వేసి విఱిచి త్రాగువారు కొందఱు. చైనా అంతర్యుద్ధమున ఓడిన పక్షము 1949లో తైవానునకు తరలగా, దానివెంట లక్షలాది జనులు ప్రధాన భూభాగమును విడిచి ఆ ద్వీపమునకు వచ్చిరి. అందు ఉత్తరపు సీమలవారు తమ యూరి రుచిని మఱువలేక వీథులలో చిన్న యంగళ్లు పెట్టిరి. తైపే నగరమునకు ఏటి కావల నున్న యొంగ్‌హె 1950 దశకమునుండి సోయాపాలకు పేరుపొందెను. పరదేశము వచ్చినవారి బెంగ తీర్చుటకు పుట్టిన ఆ యంగడి తిండియే నేడు ఆ ద్వీపమున కంతటికి ఉదయాహారమై కూర్చున్నది. అచ్చటను పని మన పని వంటిదే: రాత్రి పప్పు నానబోయుట, వేకువ రుబ్బుట, పొయ్యి రాజవేయుట, తెల్లవారకముందే తలుపు తీయుట. ఇల్లు మోయలేని బరువును వీథి మోసినది.

ఆడువారును హోటళ్లును

మన సీమ స్త్రీలకు పరులకు అన్నము పెట్టుట క్రొత్త కాదు. అంబాజీపేటకు చేరువనే వైనతేయ యొడ్డున లంకల గన్నవరము కలదు. 1841లో మండపేటలో జన్మించి ఆ యూరికి కోడలైన డొక్కా సీతమ్మగారు 1909లో స్వర్గస్థులగు వఱకు, వేళయనక, కులమనక, ఆకలిగొని వచ్చినవారికి అన్నము పెట్టి ‘అన్నపూర్ణ’ యనిపించుకొనిరి. గన్నవరమువద్ద వైనతేయపై నిర్మించిన క్రొత్త అక్విడక్టునకు వారి పేరే యున్నది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును వారి పేరే పెట్టినది.

అయితే వడ్డించు స్త్రీని పూజించిన మన సంఘము, కూర్చుండి తినెడి స్త్రీని చాలకాలము ఓర్వలేదు. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున మన పట్టణములలో కాఫీ హోటళ్లు వ్యాపించినప్పుడు, కులమును బట్టి వేఱు వేఱు గదులు, వేఱు వేఱు బల్లలు అమర్చుట వాడుకగా నుండెను. ఆడువారు అందు కూర్చుండుట మర్యాద కాదనిరి. మగవారు తిని, మిగిలినవారికి పొట్లము కట్టించుకొని వచ్చుచుండిరి. ఆ పొట్లమైనను ఇల్లు చేరునప్పటికి చల్లారెడిది. 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 15వ అధికరణములో అంగళ్లలోనికిని, హోటళ్లలోనికిని ప్రవేశించుటకు మతము, జాతి, కులము, స్త్రీపురుష భేదము, జన్మస్థలము ఏవియు అడ్డు కారాదని శాసించినది. ఆ యక్షరములు చిన్న యంగడిలోని బల్లకును వర్తించును. పొట్టిక్కల యంగడిలో బడిపంతులమ్మ ప్రక్కను కొబ్బరి యొలుచు కూలి కూర్చుండి, ఇద్దఱును ఒకే గిన్నెలోని పచ్చడిని అడిగి వేయించుకొనుట చూచినప్పుడు ఆ శాసనపు విలువ మనకు బాగుగా తెలియును.

ఇచ్చట ఆరోగ్యపు మాట యొకటి చెప్పవలసి యున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 సంవత్సరముల లోపు స్త్రీలలో 58.8 శాతము రక్తహీనత గలవారు. నూటికి ఏబదిమందికి పైబడిన మాట యిది. దీనికి కారణములు పెక్కు. పొట్టిక్క దానికి మందు కాదు. ఇనుము గల ఆకుకూరలు, పప్పులు తినుటయు, వైద్యుల సలహా వినుటయు వలయును. కాని అందఱు తినిపోయిన పిమ్మట పది గంటలకు మిగిలినదేదో నోట వేసికొనుట, లేదా కాఫీతో ప్రొద్దు గడుపుట యనెడి మన యలవాటు ఆరోగ్యమునకు మేలు చేయునది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. భోజనముతో కాఫీ, టీలు త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటబట్టుట తగ్గును కూడ. మినపపప్పును బియ్యమును కలిసిన యిడ్డెన మంచి యాహారము. బియ్యమున కొఱవడిన లైసిన్ అను మాంసకృత్తుల యంశమును పప్పు పూరించును. పప్పున కొఱవడిన మిథియోనిన్ అనుదానిని బియ్యము పూరించును. రాత్రి పులియునప్పుడు ల్యూకోనోస్టాక్ మున్నగు సూక్ష్మజీవులు పిండిని పొంగించి, తేలికగా జీర్ణమగునట్లు చేయును. ఇట్టి దానిని వేడిగా, వేళకు, కూర్చుండి తినవలెను. అమ్మ తినవలసిన వేళకు తినుట ఇంటి కంతటికి మేలు.

ఆకునకు శత్రువులు

అంగడిలో నిలిచిన పొట్టిక్కకును శత్రువులు లేకపోలేదు. మొదటిది ఇనుపపళ్లెము. దానిలో తప్పు లేదు, ఇడ్లీ ఇడ్లీయే. కాని పళ్లెములో పోసి తీసినదానిని ఆకుమీద పెట్టి పొట్టిక్క యనుట తగదు. రెండవది ప్లాస్టిక్. కొన్నిచోట్ల గుడ్డను ఉదుకు శ్రమ తప్పుటకై ఇడ్లీపళ్లెములపై పలుచని ప్లాస్టిక్ కాగితము పఱచి ఆవిరిమీద ఉడికించుట మొదలుపెట్టిరి. వేడికి ప్లాస్టిక్‌లోని పదార్థములు తిండిలో చేరుట ప్రమాదకరమని, కర్ణాటక ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో ఆ వాడుకను నిషేధించినది. ఆకును ఉదుకనక్కఱలేదు, అది మట్టిలో కలిసిపోవును. మేక కనుగొన్నచో మట్టి వఱకును పోనీయదు. ఇంతటి సదుపాయము మన పెరటిలోనే యుండగా వేఱొకటి వెదకుట వింతయే.

మూడవ శత్రువు మన బేరమే. నాలుగు రూపాయలు తక్కువకు పళ్లెపు ఇడ్లీ ప్రక్కయంగడిలో దొరకునని గొణుగుదుము. ఆ నాలుగు రూపాయలే బుట్ట కుట్టినవారి కూలి. అది తగ్గించుమన్నచో అంగడివాడు పచ్చడి తగ్గింపడు, ఆకునే తగ్గించును. ఒక యాకు మానివేసి మూడాకులతో కుట్టించును, పిదప కుట్టుటయే మానిపించును. కుట్టు చేతులు వేఱు పని వెదకికొని పోవును. ఒక తరము ఆ పని చేయక మానినచో, తరువాతి తరమునకు నేర్పువారే యుండరు. అందుచేత పొట్టిక్క నిలుచునా, పోవునా యనునది పనసచెట్టుమీదను ఆధారపడి లేదు, పొయ్యిమీదను ఆధారపడి లేదు. ఆ బుట్టకు మన మిచ్చు వెలమీద ఆధారపడి యున్నది.

ఇంటిలో చేయదలచినవారికి

పెరటిలో గాని, పొరుగున గాని పనసచెట్టున్నవారు ఏడాది కొక్కమాఱైనను, పండుగనాడో, సెలవునాడో, పొట్టిక్కలు చేసి చూడుడు. గ్లాసుడు మినపగుళ్లను నాలుగైదు గంటలు నానబెట్టి, మెత్తగా, వెన్నవలె పొంగునట్లు రుబ్బవలెను. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వను వేఱుగ నానబెట్టి, రెండు మూడు నీళ్లు కడిగి, గట్టిగా పిండి, రుబ్బిన పిండిలో కలిపి, తగినంత ఉప్పు వేసి, రాత్రి యంతయు మూతపెట్టి యుంచవలెను. చలిదినములలో పొయ్యి చేరువను ఉంచినచో చక్కగా పొంగును. పిండి జారుగా నుండరాదు. జారైనచో బుట్ట సందులనుండి కారును. పైన చెప్పిన రీతిని బుట్టలు కుట్టి, ముప్పాతికవంతు మాత్రమే పోయవలెను. ఉడికినప్పుడు పొంగుటకు చోటుండవలెను గదా. బుట్టలు ఒరగకుండ గిన్నెలో ఒకదాని నొకటి ఆనించి నిలిపి, ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ ఆవిరి పట్టవలెను. సన్నని పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకున్నచో ఉడికినట్లు. పిల్లలకు పెట్టునప్పుడు ఈనెపుల్లలు నాలుగును లెక్కపెట్టి తీసివేయుట మఱువకుడు.

కుట్టు పనికి ఇంటిలోని మగవారిని, మగపిల్లలను గూడ కూర్చుండబెట్టుడు. పుల్ల గ్రుచ్చు నేర్పు ఆడువేళ్లకే పుట్టుకతో వచ్చినది కాదు. అంగళ్లలో ఎందఱో మగవారు చక్కగా కుట్టుచున్నారు. నాలుగు బుట్టలు కుట్టిన పిల్లవాడు ఐదవనాడు అంగడిలో పొట్టిక్క ఖరీదు వినినప్పుడు ‘ఇంతేనా’ యనును గాని ‘ఇంతనా’ యనడు.

కోనసీమ మీదుగా ప్రయాణము చేయు సోదరీమణులకు నా మనవి యిది. అంతర్వేదికో, అయినవిల్లికో, ముక్తేశ్వరమునకో పోవునప్పుడు ఒక యుదయము అంబాజీపేటలో ఆగుడు. పొట్లము కట్టించుకొనక బల్లవద్ద కూర్చుండుడు. బుట్టతోడనే వడ్డింపుమని యడుగుడు. తిన్న పిమ్మట, వీలైనచో, వెనుక వసారాలో ఆకులు కుట్టుచున్న యమ్మను పలుకరించి, బాగున్నవని చెప్పుడు. బేర మాడకుడు. మీ యూరిలో ఇట్టి పాత ఫలహార మేదైన ఏ చిన్న యంగడిలోనైన బ్రదికి యున్నచో, అది ఆవిరికుడుమైనను, దిబ్బరొట్టెయైనను, దానికిని ఈ మర్యాదయే చేయుడు. మన యవ్వలు ఇంటిలో వెల లేక చేసిన పనిని నేడు ఒకరు వెలకు చేయుచున్నారు. ఆ వెల సంతోషముతో ఇచ్చినచో, మన మనుమరాండ్రకును పనసాకు వాసన తెలియును.